గుర్రం కుంటు, గుర్రం బెదురు: పాఠకుల ప్రశ్నలకు పశువైద్యుని జవాబులు

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో గుర్రాలకు సంబంధించినవే ఎక్కువగా ఉన్నందున, ఈసారి పాడిపశువులను పక్కన ఉంచి స్థలమంతా వాటికే కేటాయిస్తున్నాము. రాసినవారిలో స్వారీ బడి నడిపేవారు, పెళ్లి ఊరేగింపులకు గుర్రాలను బాడుగకు ఇచ్చేవారు, ఇష్టంకొద్దీ ఇంటి దగ్గర ఒక గుర్రాన్ని పెంచుకుంటున్నవారు ఉన్నారు. చాలామంది తమ గుర్రం మొండిదనో పొగరుబోతుదనో తీర్మానించుకున్న తరువాతనే ఉత్తరం రాశారు. నేను మాత్రం ప్రతిచోటా ముందు గిట్టలు, నోరు, వీపు, కడుపు చూడమనే చెప్పాను. అవి బాగున్నాయని తేలితేనే శిక్షణ సంగతి మాట్లాడుకోవాలి.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. పందేల నుంచి విరమించిన ఆరేళ్ల థరోబ్రెడ్ జాతి గుర్రాన్ని మా స్వారీ బడి కోసం కొన్నాము. మామూలు నడకలో తేడా తెలియదు కాని, ట్రాట్ (మెల్లని పరుగు) చేయిస్తే తల పైకీ కిందికీ ఊపుతుంది. అది దాని అలవాటేనని, పని చేయిస్తే పోతుందని అమ్మినవారు అన్నారు. గుర్రాన్ని చూసుకునే మా సాయీసు మాత్రం ఇది కుంటేనని అంటున్నాడు. ఏ కాలిలో లోపం ఉందో తెలుసుకోవడం ఎలా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ సాయీసు మాటే నిజం కావడానికి అవకాశం ఎక్కువ. ట్రాట్‌లో లయ తప్పకుండా, అడుగడుక్కీ తల ఊగుతూ ఉంటే దానిని నొప్పి కిందనే లెక్కగట్టాలి. ట్రాట్‌లోనే ఇది బయటపడటానికి కారణం ఉంది. ఆ నడకలో ముందు కాలు ఒకటి, దానికి ఎదురు పక్కనున్న వెనుక కాలు ఒకటి జంటగా నేలను తాకుతాయి. రెండు జంటలూ సమానంగా బరువు మోయవలసి ఉంటుంది కనుక, ఒక కాలు ఆ బరువును తప్పించుకోవాలని చూస్తే వెంటనే తేడా కనిపిస్తుంది.

గట్టి నేల మీద, తిన్నని దారిలో, తాడును వదులుగా పట్టుకుని సాయీసు చేత గుర్రాన్ని ట్రాట్ చేయించండి. తాడు బిగించి పట్టుకుంటే తల కదలిక తెలియదు. కుంటు గుర్రాన్ని అమ్మజూపేవారు తాడును బిగించి పట్టడం వెనుక ఉన్న రహస్యం ఇదే. మీరు ఎదురుగా నిలబడి తలను మాత్రమే గమనించండి. నొప్పి ఉన్న ముందు కాలు నేలను తాకినప్పుడు గుర్రం తలను పైకెత్తి ఆ కాలి మీద బరువు తగ్గించుకుంటుంది; బాగున్న కాలు పడినప్పుడు తల కిందికి దిగుతుంది. అంటే తల దిగినప్పుడు ఏ కాలు నేల మీద ఉందో అది మంచి కాలు. వెనుక కాళ్ల లోపం చూడాలంటే గుర్రం వెనుక నిలబడి రెండు తుంటి ఎముకల ఎత్తును పోల్చాలి. నొప్పి ఉన్న వైపు తుంటి రెండో వైపు కంటే ఎక్కువగా పైకీ కిందికీ కదులుతుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. వెనుక కాలి నొప్పి బలంగా ఉంటే తల కూడా ఊగి, అదే వైపు ముందు కాలిలో లోపం ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. అందువల్ల తలను చూసి ఆగిపోకుండా వెనుక నుంచి కూడా తప్పక చూడాలి. రెండు ముందు కాళ్లలోనూ నొప్పి ఉన్న గుర్రం అసలు తల ఊపకపోవచ్చు. అడుగులు కురచగా, బిగుసుకుపోయినట్టు వేస్తుంది. అటువంటి దానినే జనం బద్ధకపు గుర్రమని తిడుతూ ఉంటారు.

ఏ కాలో తేలిన తరువాత వెతుకులాట గిట్ట దగ్గర మొదలుపెట్టండి. గుర్రం శరీర భారంలో దాదాపు 60 శాతం ముందు కాళ్ల మీదే పడుతుంది. ముందు కాళ్ల కుంటులో ఎక్కువ భాగం గిట్టలోనే పుడుతుంది. గిట్టను శుభ్రంగా గీకి, రాయి గుచ్చుకుందా, లాడపు మేకు లోపలి సున్నితమైన భాగానికి దగ్గరగా దిగిందా, అడుగున మధ్యలో త్రికోణాకారంగా ఉండే మెత్తని భాగం నల్లబడి దుర్వాసన వేస్తోందా అన్నవి చూడండి. రెండు గిట్టల గోడలనూ అరచేతితో తాకి వేడిని పోల్చండి. గిట్టకు పై కీలు వెనుక ఇరువైపులా వేలు ఆనించి నాడిని చూడండి. మామూలుగా అతి మెల్లగా అందే ఆ నాడి బలంగా కొట్టుకుంటూ ఉంటే గిట్ట లోపల వాపు గాని చీము గాని ఉన్నట్టు అనుమానించాలి. రాత్రి బాగానే ఉన్న గుర్రం తెల్లవారేసరికి కాలు మోపలేని స్థితిలో ఉంటే, చాలాసార్లు గిట్టలో పట్టిన చీము కారణమవుతుంది. చీము బయటకు పోవడానికి దారి చేయగానే గుర్రం ఎంతో తేరుకుంటుంది. అయితే ఎముక విరిగినా ఇదే విధంగా నిలబడుతుంది కనుక, కాలు మోపలేని గుర్రాన్ని నడిపించకుండా వైద్యుడినే దాని దగ్గరకు పిలిపించుకోవాలి.

మీది పందేలలో పరుగెత్తిన గుర్రం కాబట్టి ముందు కాళ్ల వెనుక, మోకాలికీ గిట్ట పై కీలుకూ నడుమ ఉండే స్నాయువులను కూడా వేళ్లతో నొక్కుతూ చూడండి. అక్కడ విల్లులా ఉబ్బు ఉన్నా, నొక్కగానే కాలు లాక్కున్నా అల్ట్రాసౌండ్ పరీక్ష చేయించాలి. తెగిన స్నాయువు పోగులు అతుక్కోవడానికి తొమ్మిది నెలల నుంచి సంవత్సరం వరకు, కొన్నిటిలో అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. ఆ కాలమంతా కట్టివేసి ఉంచడం కాకుండా, కొలిచినట్టుగా నడకను పెంచుకుంటూ పోవాలి. తొందరపడి పని చేయిస్తే అదే చోట మళ్లీ తెగుతుంది. అన్నింటికంటే ముఖ్యంగా, నొప్పి తగ్గించే బిళ్లలు ఇచ్చి బడి పిల్లలను ఆ గుర్రం మీద ఎక్కించకండి. మందు నొప్పిని కప్పిపెడుతుంది, గాయం మాత్రం పెరుగుతూనే ఉంటుంది; కుంటే గుర్రం మీదనున్న పిల్లవాడు కింద పడే ప్రమాదమూ తక్కువది కాదు.

ప్రశ్న: మహారాష్ట్రలోని సారంగ్‌ఖేడా గుర్రాల సంతకు వెళ్లి ఒక మార్వాడీ గుర్రాన్ని కొనాలనుకుంటున్నాను. సుళ్లు చూడటం తెలిసిన పెద్దాయనను వెంట తీసుకువెళ్లమని మా బంధువులు అంటున్నారు. ఇంకా ఏమి చూడాలి?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: ఆ పెద్దాయనకు గిట్టలు చూడటం కూడా తెలిస్తే తప్పకుండా తీసుకువెళ్లండి. నుదుటి మీదా మెడ మీదా వెంట్రుకల సుడి ఎటు తిరిగిందన్నదానికీ గుర్రం కాళ్ల బలానికీ సంబంధం లేదు. శుభప్రదమైన సుడి ఉన్నందుకు పదివేలు ఎక్కువ పెట్టి, కళ్లలో పొర ఉన్న సంగతి గమనించని కొనుగోలుదారులు ప్రతి సంతలోనూ ఉంటారు.

కొనేముందు పైన చెప్పిన విధంగా గట్టి నేల మీద ట్రాట్ చేయించి చూడండి. తరువాత గుండ్రంగా రెండు వైపులా తిప్పించండి. నోరు తెరిపించి పళ్లు చూడండి. ఒక్కొక్క కన్ను ముందూ చేయి కదిలించి రెప్ప వాలుతుందో లేదో గమనించండి. కట్టివేసి ఉన్న గుర్రాన్ని మీరే విప్పి, నాలుగు కాళ్లూ ఎత్తి చూడండి. ఎండలో నిలబెట్టి మందకొడిగా ఉన్న గుర్రాన్ని సాధువని నమ్మవద్దు. మత్తు ఇచ్చిన గుర్రం కూడా అలాగే ఉంటుంది.

సంతలో కొన్నప్పుడు అన్నింటికంటే పెద్ద భయం గ్లాండర్స్ వ్యాధి. ఇది బాక్టీరియా వల్ల వచ్చి, మనుషులకు కూడా సోకి ప్రాణం తీయగలదు. దీనికి టీకా లేదు. ముక్కు నుంచి చిక్కని స్రావం, చర్మం కింద వరుసగా గడ్డలు, అవి పగిలి మానని పుండ్లు దీని గుర్తులు. ఏ గుర్తూ బయటకు కనిపించని గుర్రం కూడా వ్యాధిని మోయవచ్చు. 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ చట్టం ప్రకారం ఈ వ్యాధిని ప్రభుత్వ పశువైద్యశాలకు తెలియజేయడం తప్పనిసరి. వ్యాధి నిర్ధారణ అయిన గుర్రాన్ని నొప్పి లేకుండా చంపి, యజమానికి పరిహారం ఇస్తారు. కనుక రక్తపరీక్ష జరిగి, ఆరోగ్య ధ్రువపత్రం ఉన్న గుర్రాన్నే కొనండి. ఇంటికి తెచ్చిన తరువాత కూడా కనీసం మూడు వారాలు మిగతా గుర్రాలకు దూరంగా, వేరే తొట్టి, వేరే బకెట్టు, వేరే దువ్వెనతో ఉంచండి.

ప్రశ్న: మాకు పెళ్లిళ్లకు వెళ్లే రెండు గుర్రాలు ఉన్నాయి. ముహూర్తాల రోజుల్లో బలం కోసం పూటకు మూడు కిలోల ఉడికించిన ఉలవలు, శనగలు, బెల్లం పెడతాము. వారం రోజులుగా ఒక గుర్రం ముందు కాళ్లు చాచి, బరువంతా వెనక్కి వేసి నిలబడుతోంది, కదలమంటే కదలదు. వాతం చేసిందని కాళ్లకు వేడి నూనె రాస్తున్నాము. సరైనదేనా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఈ పత్రిక మీ చేతికి అందేవరకు ఆగకూడదని మీకు విడిగా జాబు రాశాను, ఇదే పరిస్థితిలో ఉన్న మిగతావారి కోసం ఇక్కడ వివరిస్తున్నాను. మీరు వర్ణించిన నిలబాటు లామినైటిస్ అనే గిట్టల వాపు వ్యాధిది. దానిని వాతమనుకుని వేడి చేయడం తగదు.

గిట్ట లోపల ఒక ఎముక ఉంటుంది. గోరు కింది కండ గోటిని పట్టుకున్నట్టే, వందలకొద్దీ సన్నని కండ పొరలు ఆ ఎముకను గిట్ట గోడకు అంటిపెట్టుకుని ఉంచుతాయి. గుర్రం బరువంతా ఈ పొరల పట్టు మీదే వేలాడుతుంది. అవి వాచి పట్టు సడలితే లోపలి ఎముక కిందికి తిరుగుతుంది లేదా దిగబడుతుంది. మరీ ముదిరితే గిట్ట అడుగును చీల్చుకుని బయటకు వస్తుంది. నొప్పి ముందు కాళ్లలో ఎక్కువ కనుక గుర్రం వాటిని చాచి, వెనుక కాళ్ల మీదికి వాలుతుంది.

ఉలవలకూ గిట్టలకూ సంబంధం ఏమిటని మీరు అడగవచ్చు. గుర్రం పొట్ట చిన్నది, దాని పేగులు గడ్డి కోసం ఏర్పడినవి. పిండి పదార్థం ఒక్కసారిగా ఎక్కువైతే చిన్న పేగులో అరగక మిగిలినది పెద్ద పేగులోకి చేరి, అక్కడి సూక్ష్మజీవుల వల్ల పులిసి ఆమ్లంగా మారుతుంది. అక్కడ పుట్టిన విషాలు రక్తంలో కలిసి గిట్టల పొరలను దెబ్బతీస్తాయి. పని తక్కువై కొవ్వు పట్టిన గుర్రాలలో, పిండీ తీపీ తిన్నప్పుడల్లా రక్తంలో ఇన్సులిన్ మితిమీరి పెరిగి కూడా ఇదే వ్యాధి వస్తుంది. మీ గుర్రంలో ఈ రెండు కారణాలూ కలిసి ఉండవచ్చు.

ఇటువంటప్పుడు ధాన్యం, గింజలు, బెల్లం ఆ క్షణమే ఆపివేయాలి. గుర్రాన్ని నడిపించకూడదు. మెత్తని ఇసుక మందంగా పరచిన చోట నిలబెట్టాలి. వ్యాధి మొదలైన తొలి రోజుల్లోనైతే గిట్టలను మంచు కలిపిన నీటిలో ఉంచడం ఎంతో మేలు చేస్తుంది. వేడి నూనె అందుకు పూర్తిగా విరుద్ధం. వారం దాటిన తరువాత ఎక్స్‌రే తీసి ఎముక ఎంత తిరిగిందో చూసి, దానికి తగినట్టు గిట్టను చెక్కవలసి ఉంటుంది. ఈ పని లాడాలు కొట్టే నాల్‌బంద్, వైద్యుడు కలిసి చేయవలసినదే కాని ఏ ఒక్కరి వల్లా అయ్యేది కాదు. గిట్ట నెలకు ఎనిమిది నుంచి పది మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతుంది కనుక, కొత్త గోడ పై నుంచి కిందికి దిగడానికి దాదాపు ఏడాది పడుతుందని కూడా తెలుసుకోండి.

'గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు' అని సామెత. మన దగ్గర మాత్రం ముహూర్తాల రోజుల్లో దాణా కుమ్మరించి, ఆషాఢంలో వట్టి వరిగడ్డితో సరిపెట్టే పద్ధతి సాగుతోంది. ఈ ఎత్తుపల్లాలే గుర్రం పేగులకు పెద్ద శత్రువులు. 400 కిలోల గుర్రానికి రోజుకు ఆరు నుంచి ఎనిమిది కిలోల మంచి ఎండుగడ్డి ప్రధాన ఆహారం కావాలి. బలం చాలనప్పుడు మాత్రమే, పూటకు కిలో, కిలోన్నర మించకుండా, నానబెట్టిన గింజలు రెండు మూడు పూటలుగా పంచి పెట్టాలి. ఏ మార్పునైనా వారం పది రోజుల మీద మెల్లగా చేయాలి. బెల్లంతో గుర్రానికి అవసరమేమీ లేదు.

ప్రశ్న: మా గుర్రానికి గేదెల కోసం కొన్న దాణా, తవుడు, పచ్చి జొన్న, నేపియర్ గడ్డి పెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: అమ్మా, ముందుగా కోళ్ల మేత, పశువుల దాణా బస్తాలను గుర్రం నోటికి అందకుండా వేరే గదిలో పెట్టించండి. వాటిలో కొన్నిటిలో మోనెన్సిన్ అనే మందు కలిపి ఉంటుంది. కోళ్లకూ పశువులకూ పనికివచ్చే ఆ మందు గుర్రం గుండె కండరాన్ని నాశనం చేస్తుంది; అతి కొద్ది మోతాదే ప్రాణం తీస్తుంది, విరుగుడు లేదు. బస్తా మీద పేరు లేకపోయినా, ఆ మేతలు తయారైన యంత్రంలోనే గుర్రపు దాణా తయారైతే కలిసే ప్రమాదం ఉంటుంది.

తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. నేపియర్ గడ్డిలోని ఆక్సలేట్లు ఉన్న కాల్షియాన్ని కూడా ఒంటికి అందనివ్వవు. ఈ రెండే ఆహారంగా నెలల తరబడి పెడితే గుర్రం తన ఎముకల నుంచి కాల్షియం తీసుకుని, ముఖపు ఎముకలు ఉబ్బి, కారణం తెలియని కుంటు మొదలవుతుంది. నేపియర్‌ను ఇతర గడ్డితో కలిపి తక్కువగా పెట్టండి, తవుడు వాడితే వైద్యుని సలహాతో కాల్షియం కలపండి. పచ్చి జొన్నను రోజూ మేపితే మూత్రకోశం వాచి, నడుము పట్టు తప్పే జబ్బు వస్తుంది కనుక దాని జోలికి పోవద్దు.

ప్రశ్న: కడుపునొప్పి వచ్చిన గుర్రానికి వామునీళ్లు, ఆముదం సీసాతో పట్టించడం మా ఊరి పద్ధతి. ఈ మధ్య అలా పట్టించిన గుర్రం రెండు రోజులకు దగ్గి దగ్గి చనిపోయింది. కారణం ఏమై ఉంటుంది?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: నూనె ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ఉంటుంది. తల పైకెత్తి సీసాతో పోసినప్పుడు గుర్రం ఉక్కిరిబిక్కిరవుతుంది. ఆ నూనె గాలిగొట్టంలోకి జారి పుట్టించే న్యుమోనియా నుంచి తేరుకోవడం కష్టం. వైద్యులు కూడా నూనె ఇస్తారు కాని, ముక్కు ద్వారా పొట్టలోకి గొట్టం వేసి, అది పొట్టలోనే ఉందని నిర్ధారించుకుని ఇస్తారు. ఆ గొట్టానికి ఇంకొక ప్రయోజనం ఉంది. గుర్రం వాంతి చేసుకోలేదు. పేగులో అడ్డు పడి పొట్ట నిండిపోతే దానిని ఖాళీ చేసే దారి ఆ గొట్టమొక్కటే. లేకపోతే పొట్ట పగిలిపోతుంది.

గుర్రం ముందు కాలితో నేల గీరుతూ, పక్కటెముకల వైపు తిరిగి చూస్తూ, పడుకుని లేస్తూ, పొర్లుతూ, లద్దె వేయకుండా ఉంటే మేత తీసివేసి వైద్యునికి కబురు చేయండి. కబురుతో పాటు మూడు సంగతులు చెప్పగలిగితే ఆయన ఎంత తొందరగా రావాలో నిర్ణయించుకుంటారు. దవడ కింద అందే నాడి విశ్రాంతిలో నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకోవాలి. 60 దాటితే ప్రమాదం. ఉష్ణోగ్రత 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. పంటి చిగురు లేత గులాబీ రంగులో ఉండి, వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో మళ్లీ రంగు రావాలి. ఎర్రగా, ఊదాగా, పాలిపోయి ఉంటే ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయరాదు. గుర్రాన్ని మెల్లగా నడిపించడంలో తప్పు లేదు కాని, రాత్రంతా తిప్పి అలసగొట్టడం వల్ల ఒరిగేది ఏమీ లేదు. ఈ అంకెలను గుర్రం ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే చూసి, శాల గోడ మీద రాసిపెట్టుకోవడం మంచి అలవాటు.

ప్రశ్న: స్వారీ నేర్చుకుంటున్న విద్యార్థినిని. నాకు కేటాయించిన గుర్రం దువ్వినంతసేపు సాధువుగా ఉండి, జీను వేసి పొట్ట కింది పట్టీ బిగించగానే చెవులు వెనక్కి మడిచి కొరకడానికి వస్తుంది. మూతి మీద ఒక దెబ్బ వేస్తే సరిపోతుందని శిక్షకులు అంటున్నారు. నాకు కొట్టడానికి మనసు రావడం లేదు.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ మనసే సరైన దారిలో ఉన్నది. దువ్వినప్పుడు లేని కోపం పట్టీ బిగించినప్పుడే వస్తోందంటే, ఆ బిగింపుతో ముడిపడిన నొప్పి ఏదో ఉందని ముందు అనుకోవాలి. శాలలో కట్టివేసి, గింజలు ఎక్కువగా, గడ్డి తక్కువగా మేపే గుర్రాలలో పొట్టపుండ్లు చాలా సాధారణం. గుర్రం పొట్టలో ఆమ్లం రాత్రింబవళ్లు ఊరుతూనే ఉంటుంది. దానిని చల్లార్చే లాలాజలం మాత్రం నమిలినప్పుడే ఊరుతుంది. గంటల తరబడి గడ్డి లేకుండా ఉంచి, ఖాళీ పొట్టతో పరుగెత్తిస్తే ఆమ్లం ఎగసి, రక్షణ పొర లేని పై భాగాన్ని కాల్చుతుంది. స్వారీకి అరగంట ముందు గుప్పెడు కాకుండా, ఒక చిన్న మోపు ఎండుగడ్డి పెట్టించగలరేమో అడిగి చూడండి. పుండ్ల సంగతి తేల్చేది గొట్టపు కెమెరా పరీక్ష. వైద్యుడు అవసరమనుకుంటే ఆమ్లం తగ్గించే ఒమెప్రజోల్ మందు ఇస్తారు.

రెండవది జీను. స్వారీ అయ్యాక జీను తీసినప్పుడు వీపు మీద చెమట సమంగా పట్టి ఉండాలి. తడి నడుమ పొడిగా మిగిలిన మచ్చ అక్కడ ఒత్తిడి మితిమీరిందని చెబుతుంది. తెల్ల వెంట్రుకలు మొలిస్తే అది పాత గాయం. వెన్నెముకకు ఇరువైపులా అరచేతితో నొక్కుతూ వెళ్లండి, కండరం జారుకునే చోటును గుర్తుపెట్టుకోండి. కళ్లెం పట్టగానే తల విసిరే గుర్రమైతే పళ్ల అంచులు పదునెక్కాయేమో చూపించాలి. గుర్రం దంతాలు ఏటా రెండు మూడు మిల్లీమీటర్లు బయటకు వస్తూనే ఉంటాయి. అరిగే తీరు సమంగా లేకపోతే అంచులు బుగ్గను కోస్తాయి. స్వారీ సమయంలో కనిపించే నొప్పి గుర్తులను బ్రిటన్ పశువైద్యురాలు స్యూ డైసన్ 24 ప్రవర్తనల పట్టికగా కూర్చారు. చెవులు వెనక్కి మడవడం, తోక విసరడం, నోరు తెరవడం వంటివి అందులో ఉన్నాయి. ఎనిమిది, అంతకు మించి కనిపిస్తే ఎముకలలోనో కండరాలలోనో నొప్పి ఉందని అనుమానించమని ఆమె సూచన.

నొప్పి తొలగిన తరువాత కూడా భయం కొంతకాలం మిగులుతుంది. కొన్ని రోజులు స్వారీ మాట మరచి, జీను వేసి పట్టీని తాకించి తీసివేయండి. చెవులు మామూలుగా ఉన్నంతవరకే బిగించి, ఒక రంధ్రం దగ్గర ఆగి, నాలుగడుగులు నడిపించి, తరువాతి రంధ్రానికి వెళ్లండి. దెబ్బ వేస్తే ఏమవుతుందో కూడా చెబుతాను: చెవులు మడవడం మానివేసి, ఏ హెచ్చరికా లేకుండా కొరకడం నేర్చుకుంటుంది.

ప్రశ్న: బ్యాండు, డప్పులు, బాణసంచా అంటే మా ఆడగుర్రం బెదిరి రెండు కాళ్ల మీద లేస్తోంది. డప్పుల పక్కన స్తంభానికి కట్టేస్తే రెండు రోజుల్లో అలవాటవుతుందని తోటివారు చెబుతున్నారు. ముళ్ల కళ్లెం వాడమని కూడా సలహా ఇస్తున్నారు.
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: ముళ్ల కళ్లెం సంగతి మొదట చెబుతాను. 1965 నాటి కేంద్ర ప్రభుత్వ నియమాలు ముళ్లున్న కళ్లేలను నిషేధించాయి కనుక అది నేరం. దానికి తోడు, భయంతో ఉన్న జంతువు నోటిలో నొప్పి పుట్టిస్తే దానికి డప్పుల చప్పుడంటేనే నొప్పి అన్న లెక్క స్థిరపడుతుంది.

స్తంభానికి కట్టేసే పద్ధతి కొన్ని గుర్రాల విషయంలో పనిచేసినట్టు కనిపిస్తుంది. తప్పించుకోలేనని తెలిసిన గుర్రం పోరాటం మానివేస్తుంది. కళ్లు మసకబారి, మేత ముట్టకుండా, పిలిచినా చెవి తిప్పకుండా నిలబడుతుంది. దానిని శాంతం అనుకోవడం పొరపాటు. ఆ భయం ఏదో ఒక ఊరేగింపులో, పిల్లలు చుట్టూ ఉన్న సమయంలో, ఒక్కసారిగా బయటపడుతుంది. కొన్ని గుర్రాలు తాడు తెంపుకునే ప్రయత్నంలో మెడ విరుచుకుంటాయి.

గుర్రం ఇంద్రియాలను తెలుసుకుంటే మార్గం సులువవుతుంది. కళ్లు తలకు రెండు పక్కలా ఉన్నందున అది తన చుట్టూ దాదాపు అంతటినీ చూడగలదు. సరిగ్గా నుదుటి ముందు, తోక వెనుక మాత్రమే దానికి కనిపించని చోట్లు ఉంటాయి. మన చెవికి అందని పై స్థాయి శబ్దాలను కూడా అది వింటుంది. ఆపద అనిపిస్తే ముందు పరుగెత్తి, తరువాత తిరిగి చూడటం దాని స్వభావం. మనిషి శరీరంలోని అతి చిన్న కదలికను కూడా అది పసిగడుతుంది. ఇరవయ్యవ శతాబ్దం తొలి ఏళ్లలో బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం గిట్టతో తట్టి లెక్కలకు జవాబులు చెబుతోందని పెద్ద సంచలనం కలిగింది; సరైన సంఖ్య రాగానే ప్రశ్నించేవారి తలలో, ముఖంలో తెలియకుండానే కలిగే సన్నని కదలికను చూసి ఆ గుర్రం ఆగిపోతోందని 1907లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆస్కర్ ఫుంగ్‌స్ట్ నిరూపించాడు. డప్పు వినపడగానే మీ చేయి పగ్గం మీద బిగుసుకుంటే మీ గుర్రానికి అది ఇంకొక హెచ్చరికగా తోచుతుంది.

డప్పుల చప్పుడును ఫోనులో రికార్డు చేసి, గుర్రం ఎండుగడ్డి తింటున్న సమయంలో చాలా దూరం నుంచి, చాలా తక్కువ స్థాయిలో వినిపించండి. అది చెవి తిప్పి విని మళ్లీ మేతకు వంగగలిగే స్థాయే మీ మొదటి మెట్టు. తల ఎత్తి, ముక్కుపుటాలు విచ్చి, నమలడం ఆపిందంటే మీరు తొందరపడ్డారు, శబ్దం తగ్గించండి. రోజుకు పది పదిహేను నిమిషాలు చాలు. గుర్రం నెమ్మదిగా ఉన్నప్పుడే ముగించాలి. స్థాయి పెంచితే దూరం తగ్గించవద్దు, దూరం తగ్గిస్తే స్థాయి పెంచవద్దు. తరువాత నిజమైన డప్పును పొలానికి ఆవలి గట్టు మీద వాయించమని, దానికి అలవాటుపడిన ఇంకొక గుర్రాన్ని పక్కన నిలబెట్టి సాధన చేయండి. డప్పు మీకు దూరంగా పోతూ ఉండగా దాని వెనుక గుర్రాన్ని నడిపించడం, మీదికి వచ్చే డప్పుకు ఎదురు నిలబెట్టడం కంటే చాలా తేలిక.

దీనితో పాటు తలకు కట్టిన తాడును మెల్లగా లాగితే ఒక అడుగు ముందుకు, వెనక్కి నొక్కితే ఒక అడుగు వెనక్కి వేయడం నిశ్శబ్దమైన చోట నేర్పండి. ఇందులోని కీలకం వదలడంలో ఉంది. గుర్రం అడుగు ఎత్తిన క్షణంలోనే తాడు వదులు కావాలి. రెండు సెకన్లు ఆలస్యమైతే అది దేనికి వదిలారో దానికి తెలియదు. లాగుతూనే ఉండే చేతి కింద పెరిగిన గుర్రం ఆ లాగుడును పట్టించుకోవడం మానివేస్తుంది. అప్పుడే యజమాని ముళ్ల కళ్లెం కోసం వెతుకుతాడు. భయం కలిగిన క్షణంలో గుర్రానికి ఈ అడుగులు గుర్తుచేస్తే దాని దృష్టి మీ వైపు మళ్లుతుంది.

బాణసంచాకు మాత్రం ఏ గుర్రాన్నీ పూర్తిగా అలవాటు చేయగలమని నేను హామీ ఇవ్వను. టపాసులు గుర్రానికి దూరంగా కాల్చాలన్న షరతు బాడుగ మాట్లాడుకునేటప్పుడే పెట్టుకోండి. ఇన్ని నెలల సాధన తరువాత కూడా వణికే గుర్రమైతే దానిని ఊరేగింపుల నుంచి తప్పించి వేరే పనికి మళ్లించడమే మంచిది.

ప్రశ్న: ఎండాకాలంలో మా గుర్రానికి చెమట పట్టడం ఆగిపోయింది, రొప్పుతోంది. వేడిగా ఉన్న గుర్రం మీద చన్నీళ్లు పోస్తే కండరాలు పట్టేస్తాయంటారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: ఉక్క ఎక్కువగా ఉండే కోస్తా ప్రాంతాలలో కొన్ని గుర్రాలకు చెమట గ్రంథులు స్పందించడం మానివేస్తాయి. గుర్రం ఒంటి వేడిని తగ్గించుకునే ప్రధాన మార్గం చెమటే కనుక ఇది ప్రమాదకరమైన స్థితి. అటువంటి గుర్రానికి ఎండాకాలంలో పని ఆపివేయాలి, లేదా తెల్లవారకముందే ముగించాలి. శాలలో పంకా, నీడ, ఎప్పుడూ నిండుగా ఉండే నీటితొట్టి కావాలి. గుర్రం రోజుకు మామూలుగానే 25 నుంచి 50 లీటర్ల నీరు తాగుతుంది, ఎండల్లో అంతకంటే ఎక్కువ కోరుతుంది. దాణాలో రోజుకు 25, 30 గ్రాముల ఉప్పు కలపండి.

చన్నీళ్ల భయం నిరాధారం. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కు ముందు, అక్కడి వేడిని, ఉక్కను దృష్టిలో ఉంచుకుని జరిగిన పరిశోధనలలో, పరుగెత్తి వచ్చిన గుర్రాల మీద చల్లని నీరు ధారాళంగా పోయడం వల్ల హాని లేదని, ఒంటి వేడి త్వరగా తగ్గుతుందని తేలింది. రొప్పుతున్న గుర్రాన్ని నీడకు తెచ్చి, మెడ, వీపు, తుంటి, కాళ్లు అంతటా ఆగకుండా నీళ్లు పోస్తూ, గాలి ఆడేలా చూడండి. తడిగుడ్డ కప్పి వదిలేయవద్దు, అది వేడిని లోపలే బంధిస్తుంది. మధ్యమధ్య మలద్వారంలో థర్మామీటర్ పెట్టి చూస్తూ, ఉష్ణోగ్రత 39 డిగ్రీల సెల్సియస్‌కు దిగేవరకు నీళ్లు పోయించండి. అరగంటలో దిగకపోయినా, గుర్రం తూలినా వైద్యుడిని పిలిపించండి.